చదువుతున్న మనిషిని ఫొటో తీయడం: చల్లారిన టీ దగ్గర మొదలుపెట్టండి

మధ్యాహ్నం భోజనాలయ్యాక వారపత్రిక చదవడం మా పెద్దమ్మకి ఏళ్లనాటి అలవాటు. కెమెరా కొన్న వారంలోనే ఆవిడ ముందు నిలబడి, "పెద్దమ్మా, పుస్తకం అలాగే పట్టుకుని ఒక్కసారి ఇటు చూడు, కొంచెం నవ్వు" అన్నాను. చూసింది, నవ్వింది. ఫొటో స్పష్టంగా వచ్చింది. వెలుతురు బాగుంది, పెద్దమ్మ బాగుంది. చదవడం మాత్రం అందులో లేదు. ఆవిడ చేతిలో పత్రిక బదులు విసనకర్ర ఉన్నా ఆ ఫొటోలో తేడా ఉండేది కాదు.

తప్పు ఎక్కడ జరిగిందో తెలియడానికి నాకు చాలాకాలం పట్టింది. పుస్తకంలో మునిగిన మనిషి చూడ్డానికి సంతోషంగా ఏమీ ఉండడు. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంటుంది, నుదురు ముడిపడి ఉంటుంది, కూర్చున్న తీరు వంకరగా ఉంటుంది. ఆ మనిషి ఇక్కడ లేడు, సుఖమంతా అందులోనే ఉంది. లేకపోవడాన్ని ఎలా ఫొటో తీస్తాం? తీయలేం. కానీ ఆ మనిషి ఏమేం మర్చిపోయాడో వాటిని తీయొచ్చు. పక్కన చల్లారి మీగడ కట్టిన టీ, కాలి వేలికి వేలాడుతున్న చెప్పు, మోకాళ్ల మీంచి జారిపోయిన దుప్పటి, సగం ఒలిచి వదిలేసిన బత్తాయి. వీటిని ఎలా పట్టుకోవాలో ఒక్కొక్క అడుగుగా చెప్తాను. ఫోను ఉన్నా చాలు. కెమెరా ఉన్నవాళ్లు వేరుగా చేయాల్సిందేమైనా ఉంటే అక్కడక్కడే చెప్తాను.

మొదటి అడుగు: మనిషిని మీరు ఎంచుకోండి, పుస్తకాన్ని వాళ్లకి వదిలేయండి

ఇంట్లోవాళ్లతో మొదలుపెట్టడం తేలిక. ఎవరికి చదివే అలవాటుందో, ఏ వేళ చదువుతారో, ఎక్కడ కూర్చుంటారో మీకు ముందే తెలుసు. తాతయ్య పొద్దున్నే అరుగు మీద పేపరు, అక్క రాత్రి పడుకునే ముందు నవల, చెల్లెలి కొడుకు బోర్లా పడుకుని బొమ్మల కథలు. ఈ పట్టిక మనసులో ఉంటే సగం పని అయినట్టే.

చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. అట్ట అందంగా ఉందని ఏదో ఒక పుస్తకం తెచ్చి చేతిలో పెడతారు. ఆ మనిషి మొదటి పేజీ తెరిచి, మొదటి పేరా నాలుగుసార్లు చూస్తూ కూర్చుంటాడు. కళ్లు కదలవు, పేజీ తిరగదు. నిజంగా చదివేవాళ్లు ఈ ఫొటో చూస్తే వెంటనే పట్టేస్తారు. అందుకే వాళ్లు ఇప్పటికే సగం దాకా వచ్చిన పుస్తకాన్నే చదవనివ్వండి. ఎడమచేతి వైపు కాగితాల మందం, కుడిచేతి వైపు మందం ఫొటోలో కనిపిస్తాయి. కుడివైపు పాతిక పేజీలే మిగిలిన నవల దొరికితే మీ అదృష్టం. ఆ దశలో ఇంటికి చుట్టాలొచ్చినా తల ఎత్తరు.

అనుమతి ముందే అడగండి, ఫొటో తర్వాత తీయండి. "ఈ వారంలో ఎప్పుడో ఒకసారి నువ్వు చదువుకుంటుంటే తీస్తాను, నా వైపు చూడొద్దు" అని చెప్పి వదిలేస్తే రెండు రోజుల్లో ఆ మాట వాళ్లకి గుర్తుండదు. మీకు మాత్రం అనుమతి ఉంది. దొంగచాటుగా తీశారన్న మాట రాదు, కెమెరా ముందు బిగుసుకుపోవడమూ ఉండదు.

చదవడం రాని పెద్దవాళ్లని వదిలేయకండి. మనవరాలు చదువుతుంటే వింటున్న నానమ్మ ముఖం కొన్నిసార్లు చదివే ముఖాన్ని మించి పలుకుతుంది. పిల్ల ముఖం పుస్తకంలోకి వంగి ఉంటుంది కాబట్టి కనిపించదు. నానమ్మ ముఖానికి అడ్డమేమీ ఉండదు, కథంతా దాని మీద నడుస్తుంది. ఇలాంటప్పుడు ఫోకస్ వినేవాళ్ల మీద పెట్టండి.

రెండో అడుగు: కుర్చీ కదపొద్దు, వెలుతురు సర్దండి

రోజూ కూర్చునే చోటే కూర్చోనివ్వాలి. వెలుతురు కోసం పడక కుర్చీని వరండాలోకి లాగితే మనిషి కూడా కొత్త మనిషి అయిపోతాడు. అదృష్టవశాత్తూ చదివేవాళ్లు వెలుతురు ఎటునుంచి వస్తుందో చూసుకునే కూర్చుంటారు. కిటికీ పక్కనో, గుమ్మం దగ్గరో, భుజం మీదుగా వెలుతురు పేజీ మీద పడేలా. అప్పుడు ముఖం సగం నీడలో ఉంటుంది కదా అని కంగారు పడకండి. తెరిచిన పుస్తకమే ఒక తెల్ల అట్ట. పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్లు గడ్డం కింద థర్మోకోల్ షీటు పట్టుకుని చేసే పని ఇక్కడ పేజీ చేస్తుంది. కిటికీ వెలుతురు పేజీకి తగిలి పైకి లేచి, గడ్డం కింద, కనుబొమల కింద నీడల్ని కరిగిస్తుంది. పుస్తకం ముఖానికి ఎంత దగ్గరగా ఉంటే ఈ వెలుగు అంత బాగా తెలుస్తుంది. న్యూస్ ప్రింటు కాగితం బూడిదరంగులో ఉంటుంది కాబట్టి పేపరు చదివేవాళ్ల ముఖం మీద ఇది తక్కువ.

ఎండ నేరుగా పేజీ మీద పడితే మాత్రం పని చెడుతుంది. పేజీ తెల్లగా కాలిపోయి అక్షరాలు మాయమవుతాయి, ముఖం నల్లగా మిగిలిపోతుంది. పాత తెల్ల పంచె కిటికీకి కట్టండి, చాలు. మన వేసవిలో పొద్దున 10 దాటాక, సాయంత్రం నాలుగు లోపు ఎండపడే కిటికీల జోలికి పోకపోవడం మేలు. ఉత్తరం కిటికీకి ఈ బాధ చాలావరకు ఉండదు. ముసురు పట్టిన రోజైతే పొద్దస్తమానం తీసుకోవచ్చు. వానాకాలం ఈ ఫొటోలకి పండగే.

రాత్రిపూట గదిలో ట్యూబులైటు, మంచం పక్కన పసుపు బల్బు రెండూ వెలిగితే ముఖం ఒక పక్క నీలంగా, ఒక పక్క పసుపుగా వస్తుంది. రెండింటిలో ఒకటి ఆర్పేయండి. నా ఓటు పసుపు బల్బుకే, గదిలో మిగతాదంతా చీకట్లోకి పోతుంది కాబట్టి. ఫ్లాష్ వాడొద్దు. ఒక్కసారి మెరిస్తే చాలు, ఎంత దూరం వెళ్లిన మనిషైనా గదిలోకి తిరిగొచ్చేస్తాడు.

మూడో అడుగు: సెట్టింగులు

ఇది కొంచెం సాంకేతికం, ఓపిక పట్టండి. పుస్తకం ఉన్న ఫొటోలకి మామూలు ఫొటోల్లో రాని చిక్కులు మూడు వస్తాయి.

మొదటిది తెల్ల పేజీ. ఫ్రేములో పేజీ పెద్దగా ఉంటే కెమెరా "అబ్బో, ఎంత వెలుతురో" అనుకుని మొత్తం ఫొటోని చీకటి చేస్తుంది. పేజీ బూడిదరంగులోకి, ముఖం నల్లగా మారతాయి. కెమెరాలో ఫొటో వెలుతురుని పెంచే, తగ్గించే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ని +0.7 నుంచి +1 దాకా పెంచండి. ఫోనులో అయితే ముఖం మీద వేలితో నొక్కి పట్టుకుంటే ఫోకస్, వెలుతురు రెండూ అక్కడ లాక్ అవుతాయి. పక్కన వచ్చే చిన్న సూర్యుడి గుర్తుని పైకో కిందకో జరుపుకోవచ్చు. చీకటి గదిలో ఒక్క బల్బు కింద చదువుతుంటే లెక్క తిరగబడుతుంది. చుట్టూ నలుపు ఎక్కువ కాబట్టి కెమెరా వెలుతురు పెంచేస్తుంది, పేజీ తెల్లని రంధ్రంలా అయిపోతుంది. అప్పుడు -0.7 దాకా తగ్గించండి. పేజీ మీద అక్షరాల వరసలు లీలగానైనా ఆనాలి, అదే కొలత.

రెండోది లోతు, అంటే ముందునుంచి వెనక్కి ఎంత దూరం స్పష్టంగా వస్తుందన్నది. కంటికీ పుస్తకానికీ మధ్య దాదాపు 30 నుంచి 40 సెంటీమీటర్లు ఉంటుంది. ఏపీఎస్-సీ అనే మధ్యరకం సైజు సెన్సారు ఉన్న కెమెరాకి 50 ఎంఎం లెన్సు పెట్టి మీటరున్నర దూరం నుంచి తీస్తున్నారనుకోండి. ఎఫ్ అంటే లెన్సు రంధ్రం కొలత, అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది. ఎఫ్ 1.8 దగ్గర స్పష్టంగా వచ్చే లోతు ఆరేడు సెంటీమీటర్లే. ఎఫ్ 4 దగ్గర 14 సెంటీమీటర్లు, ఎఫ్ 8 దగ్గర దాదాపు 29. అంటే ఎదురుగా నిలబడి ఎఫ్ 1.8తో తీస్తే కళ్లయినా రావాలి, పేజీ అయినా రావాలి, రెండూ రావు. ఎఫ్ 8కి వెళ్తే ఇంట్లో వెలుతురు సరిపోదు. దారి ఒక్కటే, పక్కకి జరగండి. సరిగ్గా పక్కనుంచి చూస్తే కన్ను, పుస్తకం అంచు మీకు ఒకే దూరంలో ఉంటాయి, ఎఫ్ 2.8 కూడా సరిపోతుంది. ఫోనుకి ఈ బాధ లేదు, దాని చిన్న సెన్సారుకి అన్నీ స్పష్టంగానే వస్తాయి. అయితే పోర్ట్రెయిట్ మోడ్ మాత్రం ఆన్ చేయకండి. అది కళ్లజోడు కాడల్నీ, లేచిన పేజీ మూలల్నీ వెనక గోడ అనుకుని మసక చేసేస్తుంది.

మూడోది రంగు. ఆటో వైట్ బ్యాలెన్స్, అంటే ఏది తెలుపో కెమెరానే ఊహించుకునే పద్ధతి, పాత పుస్తకాలకి శత్రువు. యాభై ఏళ్లనాటి పుస్తకం కాగితం తేనె రంగులో ఉంటుంది. కెమెరా దాన్ని తెల్లకాగితమే అనుకుని, పసుపుని "సరిచేసి", కొత్త జిరాక్స్ కాగితంలా మార్చేస్తుంది. చుట్టూ గోడలు నీలం అవుతాయి. కిటికీ వెలుతురైతే వైట్ బ్యాలెన్స్‌లో డేలైట్ గుర్తు ఎంచుకుని వదిలేయండి. రంగు సరిచేసేటప్పుడు కూడా "ఇది తెలుపు" అని చూపించడానికి పాత పేజీని వాడొద్దు, గోడ సున్నమో బనీనో చూపించండి.

షట్టరు వేగం: కదలకుండా కూర్చున్న పెద్దలకి సెకనులో 1/60 వంతు, కాళ్లాడించే పిల్లలకి 1/250. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబులైట్లు, చవక ఎల్ఈడీ బల్బులు సెకనుకి 100 సార్లు మిణుకుతాయి. 1/50 గానీ 1/100 గానీ పెడితే ఫొటోలో నల్ల చారలు పడవు. ఐఎస్ఓని (కెమెరా వెలుతురుని ఎంత పెంచి చూపాలన్న అంకె) 1600, 3200 దాకా పెంచినా భయం లేదు, కొంచెం గరుకుదనం ఈ ఫొటోలకి అందమే.

నాలుగో అడుగు: ఎక్కడ నిలబడాలి

నిలబడి తీస్తే చదివే మనిషి నిద్రపోతున్నట్టు వస్తాడు. కళ్లు కిందకి వాలి ఉంటాయి, పైనుంచి రెప్పలే కనిపిస్తాయి. కాబట్టి మీరు నేల మీద కూర్చోండి. లెన్సు పుస్తకం ఎత్తులోనో, ఇంకొంచెం కిందో ఉంటే రెప్పల కింద కన్ను కదులుతున్నట్టు తెలుస్తుంది. నేల మీద బోర్లా పడుకున్న పిల్లవాడినైతే మీరూ బోర్లా పడుకుని తీయాలి. మోచేతులు గీరుకుపోతాయి, భరించండి.

పక్కనుంచి తీయడం గురించి చెప్పాను. వెనకనుంచి తీయడం నాకు ఇంకా ఇష్టం. భుజం మీదుగా పేజీ, మెడ వంపు, చెవి వెనక జారిన జుట్టు, ముఖం ఉండదు. ఫొటో చూసేవాడు కూడా అదే పేజీలోకి వంగుతాడు. గుమ్మం బయటనుంచి, కిటికీ ఊచల మధ్యనుంచి తీస్తే, మనం పిలిచినా వినిపించనంత దూరంలో ఆ మనిషి ఉన్నాడని అనిపిస్తుంది. కళ్లజోడులో కిటికీ మెరుస్తుంటే వాళ్లని కదలమనొద్దు, మీరే రెండడుగులు జరగండి. అద్దాల్లో పేజీ ప్రతిబింబం పడుతుంటే మాత్రం అక్కడే ఆగిపోండి, అది వరం.

ఫోనుతో మరీ దగ్గరికి వెళ్తే మోకాళ్లు, పుస్తకం పెద్దవిగా, తల చిన్నదిగా వస్తుంది. వెనక్కి జరిగి 2ఎక్స్ వాడండి. అప్పుడు చుట్టూ కొంత గది కూడా ఫ్రేములో పడుతుంది, అది కావాలి కూడా. మర్చిపోయిన వస్తువులన్నీ ఆ గదిలోనే ఉన్నాయి.

ఐదో అడుగు: ఎదురుచూడటం

అసలు పని ఇదే. మిగతావన్నీ ఒక మధ్యాహ్నంలో నేర్చుకోవచ్చు.

మొదటి పది నిమిషాలు తీయకండి. తీసినట్టు నటించినా పర్వాలేదు. ఆ పది నిమిషాల్లో మనిషి కెమెరాని గమనిస్తూ ఉంటాడు. భుజాలు నిటారుగా ఉంటాయి, పొట్ట లోపలికి పీల్చి ఉంటుంది. మీరూ ఒక పుస్తకం తెచ్చుకుని అదే గదిలో కూర్చోండి. కాసేపటికి భుజాలు జారతాయి. ఒక కాలు పైకొస్తుంది. చెయ్యి జుట్టులోకో, ముక్కు మీదికో, నోట్లోకో పోతుంది. అప్పుడు కెమెరా తీయండి.

ఏం చూడాలి? పేజీ తిప్పబోయే వేలు. అందరూ పేజీ తిరుగుతున్నప్పుడు తీస్తారు గానీ, దానికి ముందు ఒక సంగతి ఉంది. ఆత్రం ఉన్నవాళ్లు ఇంకా రెండు లైన్లు ఉండగానే కాగితం మూలని వేలితో ఎత్తి పట్టుకుంటారు. ఆ ఎత్తిన మూలలో కథ ఎంత పట్టుగా ఉందో తెలిసిపోతుంది. పెదవులు కదిలించే వాళ్లుంటారు, ముఖ్యంగా పెద్ద వయసువాళ్లు. వరస కింద వేలు నడిపించేవాళ్లుంటారు. ఏదో చదివి హఠాత్తుగా తల ఎత్తి, ఎదుటి గోడని చూస్తూ ఉండిపోతారు కొందరు. పుస్తకం మూయరు, వేలు పేజీ మధ్య ఉంటుంది, చూపు గోడ దాటి ఎక్కడికో పోతుంది. నేను ఎదురుచూసేది ఎక్కువగా దీని కోసమే. రెండు మూడు క్షణాలు ఉంటుంది. ఫోకస్ ముందే పెట్టుకుని ఉండాలి.

నవ్వు వస్తే తీయండి, కానీ దాని కోసం వెంటపడకండి. ఒంటరిగా చదువుతూ నవ్వే నవ్వు చిన్నది, ముక్కులోంచి వచ్చి ఆగిపోతుంది.

మా పెద్దమ్మ రెండో ఫొటో ఇలాగే దొరికింది. పొయ్యి మీద పాలు పెట్టి, పొంగేలోపు రెండు పేజీలు చదువుదామని గుమ్మం మెట్టు మీద కూర్చుంది. చేతిలో గరిటె. పాలు పొంగాయి, మాడు వాసన వరండా దాకా వచ్చింది. ఆవిడ కదల్లేదు. గరిటె అలాగే గాల్లో ఉంది, పత్రిక మోకాళ్ల మీద ఉంది, వెనక వంటగది గుమ్మంలోంచి పొగ సన్నగా కనిపిస్తోంది. పొయ్యి ఆపకుండా నాలుగు ఫొటోలు తీశాను. గిన్నె తోమినవాళ్ల చేత తిన్న తిట్లు వేరే సంగతి.

ఫోనులోనో, కిండిల్‌లోనో చదివేవాళ్లని తీయడం కష్టం. చిక్కు వెలుతురుతో కాదు. చదువుతున్నారా, రీల్స్ చూస్తున్నారా అన్నది ఫొటోలో తెలియదు. బొటనవేలు ఆగి ఉందేమో చూడండి. ఆగి, చాలాసేపటికి ఒకసారి కదిలితే చదువుతున్నట్టే.

ఆరో అడుగు: మనిషి లేని ఫొటో

బల్ల మీద ఐదు పుస్తకాల దొంతర, పక్కన నురగ కాఫీ, ఒక ఎండిన పువ్వు. ఇలాంటివి కోట్లు ఉన్నాయి, ఇంకొకటి అక్కర్లేదు. అందులో ఎవరూ చదవలేదు.

చదివి లేచి వెళ్లిన చోటు వేరు. తెరిచి బోర్లా పెట్టిన నవల, దాని మీద మడవని కళ్లజోడు, కుర్చీ గుడ్డలో ఇంకా నిండని గుంట. దేన్నీ సర్దకండి. ఆ మనిషి టీ కోసం లేచిన రెండు నిమిషాల్లో తీసేయాలి. పుస్తకం మధ్యలో గుర్తుగా ఏం పెడతారో కూడా చూడండి. బస్సు టికెట్టు, మందుల చీటీ, అగ్గిపుల్ల, నెమలీక, పెళ్లి శుభలేఖ ముక్క. వారపత్రికల్లోంచి సీరియల్ కాగితాలు చింపి, వరసగా పెట్టి కుట్టించిన బైండు పుస్తకాలు ఇప్పటికీ చాలా ఇళ్లలో అటక మీద ఉన్నాయి. వాటిలో కథ మధ్యలో తలనూనె ప్రకటన సగం తెగి ఉంటుంది. అవి పక్కనుంచి పడే వెలుతురులో తీస్తే దారం కుట్లు, అంచుల పురుగు తిన్న రంధ్రాలు కూడా వస్తాయి. గ్రంథాలయం పుస్తకమైతే వెనక అట్ట లోపల తేదీల కాగితం, ముద్ర మీద ముద్ర. ఒకే పుస్తకాన్ని ఎంతమంది తీసుకెళ్లారో అక్కడ లెక్క ఉంటుంది. అందులో సభ్యుల పేర్లు రాసి ఉంటే ఫ్రేములోకి రానివ్వకండి.

పేజీ మొత్తం చదవగలిగేంత స్పష్టంగా తీసి అందరికీ పంచడం మంచి పని కాదు. రచయితకి హక్కులుంటాయి. మన దేశంలో రచయిత పోయాక కూడా 60 ఏళ్లు ఉంటాయి. రెండు వరసలు తెలిస్తే చాలు, మిగతాది మసకలోకి పోనివ్వండి.

ఏడో అడుగు: వీధిలోకి

ఈ విషయంలో గురువు ఆంద్రే కెర్తెజ్ అనే ఫొటోగ్రాఫర్. 1894లో బుడాపెస్ట్‌లో పుట్టాడు, 1925లో పారిస్ వెళ్లాడు, 1936లో న్యూయార్క్ చేరాడు. ఎక్కడున్నా చదివే మనుషుల్ని తీశాడు. 1915లో ఎస్తర్గోమ్ అనే హంగరీ పట్టణంలో ఒకే పుస్తకం మీద ముగ్గురు పిల్లలు వంగి ఉన్న ఫొటో, 1929లో ఫ్రాన్స్‌లోని బోన్ ఊరి ధర్మాసుపత్రిలో మంచం మీద కూర్చుని చదువుతున్న ముసలావిడ ఫొటో అతనివే. దాదాపు అర్ధశతాబ్దం తీసిన వాటిని 1971లో "ఆన్ రీడింగ్" పేరుతో పుస్తకం చేశాడు. మేడల మీద, బాల్కనీల్లో, పార్కుల్లో చదివేవాళ్లు అందులో చాలామంది. దూరంనుంచి, తరచూ పైనుంచి తీశాడు. మనిషి చిన్నగా, చుట్టూ ఊరంతా పెద్దగా. ఆ దూరం నేర్చుకోవాల్సిందే. కానీ ఈ రోజుల్లో మేడ మీద ఉన్న పక్కింటివాళ్లని లెన్సుతో తీస్తే కళ కాదు, గొడవ అవుతుంది. బహిరంగ స్థలాలకే పరిమితం కండి.

మన దగ్గర చోట్లకి కొదవ లేదు. పొద్దున్నే టీకొట్టు దగ్గర ఒకే పేపరు నాలుగు ముక్కలై నలుగురి చేతుల్లో ఉంటుంది, ఒకడి వెనక పేజీని ఎదుటివాడు చదువుతుంటాడు. మిరపకాయ బజ్జీ తినేశాక ఆ పొట్లం కాగితాన్ని విప్పి, నూనె మరకల మధ్య ఉన్న సగం వార్తని చదివేవాళ్లని చూశారా? నా దృష్టిలో అచ్చమైన పాఠకులు వాళ్లే.

హైదరాబాద్‌లో ఆదివారం ఆబిడ్స్ కాలిబాట మీద పాత పుస్తకాలు పరుస్తారు. అక్కడ కొనేవాళ్లు గొంతుక్కూర్చుని చదువుతుంటారు, అమ్మేవాళ్లు వాళ్లని ఓ కంట కనిపెడుతుంటారు. ఇద్దరూ ఒకే ఫ్రేములో రావాలి. డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్, జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవం జరుగుతాయి. స్టాళ్లలో లైట్లు బాగుంటాయి గానీ జనం తోపులాట, వెనక బ్యానర్లు ఫొటోని చెడగొడతాయి. స్టాలు మూలల్లో, నేల మీద చతికిలపడి కొన్న పుస్తకాన్ని అక్కడే మొదలుపెట్టిన పిల్లల్ని వెతకండి.

గ్రంథాలయాల్లో నవంబరు 14 నుంచి 20 దాకా వారోత్సవాలు జరుగుతాయి, ఫొటోలకి అనుమతి అడగడానికి అది మంచి సమయం. హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో, 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలైన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, వేటపాలెంలో 1918 నాటి సారస్వత నికేతనం లాంటి పాత చోట్లు వెలుతురు చూసే కళ్లకి బాగా నచ్చుతాయి. నగరాల్లో పఠన మందిరాలు చాలావరకు పోటీ పరీక్షల పిల్లలతో నిండి ఉంటాయి. వాళ్ల ముఖాల్లో ఉండే టెన్షన్ వేరే ఫొటో, అది కూడా తీయదగ్గదే, కానీ మనకి కావలసింది కాదు. దినపత్రికల హాలుకి వెళ్లండి. తొందరేమీ లేని మనుషులు అక్కడుంటారు.

పద్ధతి ఒక్కటే. ముందు గ్రంథాలయ అధికారిని అడగాలి. తర్వాత దూరంనుంచి ఒకటి రెండు తీసుకుని, వెంటనే ఆ మనిషి దగ్గరికెళ్లి చూపించి, "ఉంచుకోమంటారా, తీసేయమంటారా?" అనాలి. తీసేయమంటే ఆయన ముందే తీసేయాలి. పిల్లలైతే తల్లిదండ్రుల్ని అడగకుండా అసలు తీయొద్దు. షట్టరు చప్పుడు ఆపడానికి సైలెంట్ మోడ్ పెడితే ఎల్ఈడీ లైట్ల కింద చారలు పడొచ్చు, ముందు ఒకటి తీసి పెద్దది చేసి చూసుకోండి.

ఎనిమిదో అడుగు: ఏరుకోవడం

ఒక విడతలో అరవై డెబ్బై ఫొటోలు వస్తాయి. ఆ రోజే ఏరకండి. రెండు రోజులాగి చూస్తే, మీకు ఆ పూట నచ్చినవి కాక వేరేవి నిలుస్తాయి. నేను ఒకే ప్రశ్న వేసుకుంటాను, ఈ మనిషిని ఇప్పుడు పిలిస్తే పలుకుతాడా? పలుకుతాడనిపిస్తే తీసి పక్కన పెట్టేస్తాను, ఎంత అందంగా ఉన్నా సరే.

కత్తిరించేటప్పుడు జాగ్రత్త. ముఖం, పుస్తకం మాత్రమే ఉంచి చుట్టూ తెగ్గొట్టాలనిపిస్తుంది. అలా తెగ్గొట్టినదాంట్లో చల్లారిన టీ కూడా పోతుంది. బ్లాక్ అండ్ వైట్ చేయాలా? వెలుతురు గొప్పగా ఉండి రంగులు గోలగా ఉంటే చేయండి, ప్లాస్టిక్ కుర్చీ ఎరుపు, గోడ పచ్చ లాంటివి. పాత కాగితం రంగే ఫొటోకి ప్రాణమైతే వద్దు.

చివరగా ప్రింటు. 4x6 సైజులో, మెరుపులేని మాట్ కాగితం మీద తీయించండి, పెద్ద ఖర్చు కాదు. రెండు కాపీలు తీయించి ఒకటి ఫొటోలోని మనిషికి ఇవ్వండి.

గరిటె ఫొటో ప్రింటు తీసుకెళ్లి పెద్దమ్మ చేతిలో పెట్టాను. ముఖం ఎలా పడిందో చూసుకుంటుందనుకున్నాను. కళ్లజోడు పెట్టుకుంది, ప్రింటుని కిటికీ వైపు తిప్పింది, ముక్కు దగ్గరగా తెచ్చుకుంది. పెదవులు కదులుతున్నాయి. చాలాసేపటికి తల ఎత్తి అడిగింది:

"ఈ సంచిక తర్వాత కనబడకుండా పోయింది రా. దీని అవతలి పేజీ తీశావా?"